గ్యారేజీలో నోరు విప్పని చప్పుడు

మా కారుకి ముందు ఎడమవైపు నుంచి ‘టక్... టక్‌టక్’ అని ఒక చప్పుడు పట్టుకుంది. బెంగళూరులో మా పనత్తూరు అండర్‌పాస్ దగ్గర వస్తుంది, వర్తూరు రోడ్డులో వస్తుంది. గ్యారేజీ గేటు దాటితే మాత్రం నోరు విప్పదు.

మా ఆయనకు అసలు వినపడదు. కారెక్కగానే పాటలు పెట్టే మనిషికి ఏం వినపడుతుంది? వెనక సీట్లో అత్తమ్మకు వినపడుతుంది గానీ, ఆవిడ లెక్కలో అది డిక్కీలోంచి వస్తోంది. ఆవిడదీ తప్పేం లేదు. బాడీ అంతా ఇనుప రేకే కదా, ఒకచోట తగిలిన దెబ్బ రేకు వెంబడి పాకి ఇంకోచోట మోగుతుంది. అందుకే ఎక్కడ్నుంచి వస్తోందన్నది పక్కన పెట్టేశాను. ఎప్పుడొస్తోంది, ఎప్పుడు రావట్లేదు అన్నదే పట్టుకున్నాను.

ముందు డబ్బు ఖర్చుకాని పనులు. డిక్కీ ఖాళీ చేశాను, జాకీ, స్పానర్లు తీసి ఇంట్లో పెట్టాను, స్టెప్నీ బోల్టు బిగించాను, డోర్లలో దొర్లే నీళ్ళ సీసాలు తీసేశాను. చప్పుడు అలాగే ఉంది. తర్వాత గుంత వచ్చినప్పుడు బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి చూశాను. బ్రేక్ ప్యాడ్లు వదులై కొట్టుకుంటుంటే అలా నొక్కినప్పుడు ఊరుకుంటాయి. ఇది ఊరుకోలేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిరిగాను. చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉండే కీలు, అదే బయటి సీవీ జాయింట్, అరిగితే ఇక్కడే కటకటలాడాలి. అదీ కాదు. బండి నిలబెట్టి ఇంజిన్ రేజ్ చేస్తే ఏమీ లేదు.

అనంతపురం వెళ్ళినప్పుడు ఇంకో సంగతి తేలింది. ఎన్‌హెచ్ 44 మీద, బాగేపల్లి టోల్ దాటి పెనుకొండ దాకా ఒక్క టక్ లేదు. హైవే స్పీడులో గాలి హోరు కూడా ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేదు, ఊళ్ళలోకి దిగి నెమ్మదిగా నడిపి చూశాను. నున్నటి రోడ్డయితే స్పీడుతో పని లేదు, చప్పుడు లేదు.

అసలు ఆధారం మా వీధి చివరి హంపు దగ్గర దొరికింది. హంపు మీదకి నేరుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా పోతే నిశ్శబ్దం. అదే హంపుకి ఓ పక్కగా, ఒక్క ఎడమ చక్రమే ఎక్కేలా పోతే ‘టక్’. పోయిన ప్రతిసారీ ‘టక్’.

ఒక చక్రం లేచి రెండోది లేవనప్పుడు మాత్రమే గట్టిగా పనిపడే వస్తువు ఒకటుంది, స్టెబిలైజర్ బార్. మలుపుల్లో బండి ఒరిగిపోకుండా ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఉండే కడ్డీ. దాని రెండు చివర్లనీ సస్పెన్షన్‌కి తగిలించే చిన్న కడ్డీలే లింక్ రాడ్లు. చక్రాలు రెండూ కలిసి లేస్తే బార్ వాటితోపాటు తిరుగుతుంది, మెలిపడదు. ఒకటే లేస్తే మెలిపడి లింకుని లాగుతుంది. లింకు చివర ఉండే గుండ్రటి కీలు, అదే బాల్ జాయింట్, అరిగి ఉంటే అప్పుడే కొట్టుకుంటుంది.

ఇదంతా మేం వెళ్ళే పెద్ద సర్వీస్ సెంటర్లో చెప్పాను. అడ్వైజర్ కుర్రాడు బండిని నున్నటి రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి వచ్చి “నార్మలే మేడమ్, బెంగళూరు రోడ్లు కదా” అన్నాడు. గట్టిగా అడిగితే ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు: షాక్ అబ్జార్బర్లు రెండూ, వాటి పైన బిగించే స్ట్రట్ మౌంట్లు, చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్ములు. “ఇవి మార్చేస్తే పోతుంది మేడమ్.” పోతుంది, ఎందుకు పోదు? ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకుంటే ఎలుకలు కూడా పోతాయి. కొత్తవి తగిలించడం వేరు, జబ్బు కనుక్కోవడం వేరు.

వర్తూరు దగ్గర ఓ రేకుల షెడ్డుంది. మెకానిక్‌ది ముళబాగిలు, మన తెలుగే.

“లిఫ్టు మీద సూసినారా అక్కా?”

“చూశారు. ఏదీ లూజు లేదన్నారు.”

“పైకెత్తితే సక్రాలు రెండూ ఏలాడతాయి కదక్కా. బరువు లేకుండా సూస్తే యాడ తెలుస్తాది?”

నన్నే నడపమని తను ఎడమ సీట్లో కూర్చున్నాడు. అద్దాలు దించి, ఒక పొడుగాటి కాంపౌండ్ గోడ పక్కనుంచి పోనివ్వమన్నాడు. చప్పుడు గోడకి తగిలి చెవిలోకే వచ్చింది. షెడ్డుకి వచ్చాక బండి నేల మీదే ఉంచి, చక్రం వెనక చెయ్యి దూర్చి లింక్ రాడ్ పట్టుకున్నాడు. షెడ్డులో పనిచేసే కుర్రాడు బండిని పక్కకి ఊపాడు. “నువ్వూ పట్టుకో అక్కా, సూడు.” పట్టుకున్నాను. చెవికి ఏమీ లేదు గానీ వేళ్ళకి చిన్నగా టిక్, టిక్ అని తగిలింది. కింది జాయింట్‌ని కప్పే రబ్బరు బూటు చీలి, గ్రీజు పోయి, లోపల ఎర్రమట్టి ముద్ద కట్టుకుని ఉంది.

అప్పుడైనా కొత్తవి తెమ్మనలేదు. రెండు లింకులూ ఊడదీసి “నిదానంగా ఒక రౌండ్ పోయి రా. మలుపులో బండి వాలుతాది, బయపడొద్దు” అన్నాడు. అదే హంపు, అదే పక్క. టక్ లేదు. కార్ల విడిభాగాలు దొరికే జేసీ రోడ్డు నుంచి జత తెప్పించి బిగించాడు. నట్టు తిప్పుతుంటే లోపలి పిన్ను కూడా తిరిగిపోతుంది, దాన్ని ఆలెన్ కీతో పట్టి ఉంచాలి. ఆ ఓపిక లేనివాళ్ళు కొత్త బూటునే కోసేస్తారట. లేబరుతో కలిపి రెండు వేలలోపే అయ్యింది.

అన్ని చప్పుళ్ళతోనూ ఇలా ప్రయోగాలు చేయకండి. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతున్నా, బ్రేకు వేస్తే ఇనుము గీరినట్టున్నా, స్పీడుతోపాటు హోరు పెరుగుతున్నా బండి పక్కన పెట్టి ముందు చూపించాలి. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ ఊడితే చక్రం విరిగి పక్కకి పడుతుంది.

మా లోయర్ ఆర్ముల్నీ అడిగాను. ఎడమదాని రబ్బరు బుష్‌లో సన్న పగుళ్ళున్నాయి, ఇంకా చిరగలేదు, ఇప్పుడే మార్చక్కర్లేదు, మళ్ళీ అలైన్‌మెంట్‌కి వచ్చినప్పుడు చూద్దామన్నాడు.