వంటింట్లో వాళ్లకి ముందే తెలుసు

దెయ్యం ఎప్పుడొస్తుందా అని చూడటం మానేసి ఆ ఇంట్లో పనివాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి, విక్టోరియన్ కాలపు (విక్టోరియా రాణి ఏలిన 19వ శతాబ్దపు) ఇంగ్లిష్ దెయ్యాల కథల్లో అసలు టెన్షన్ అక్కడే ఉంటుంది.

ఎలిజబెత్ గాస్కెల్ 1852లో రాసిన 'ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ' తీసుకోండి. అమ్మానాన్నా పోయిన రోసమండ్ అనే పాపని వెంటబెట్టుకుని హెస్టర్ అనే ఆయా నార్తంబర్లాండ్‌లో ఒక పాత బంగళాకి వస్తుంది. చలికాలం రాత్రుళ్లు ఎవరో ఆర్గన్ అనే పెద్ద వాయిద్యం వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. ఎవరది అని అడిగితే ముసలి నౌకరు జేమ్స్, చెట్లలో గాలి హోరుని పట్టుకుని సంగీతం అంటావేంటి అని కసురుకుంటాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య డొరొతీ బెదురుగా అతని వంక చూస్తుంది, వంటింటి పనిపిల్ల ఏదో గొణిగి తెల్లగా పాలిపోతుంది. ఇక జేమ్స్ మాట ఎవరు నమ్ముతారు? దెయ్యం అన్న మాటైనా ఎత్తకుండా గాస్కెల్ పని కానిచ్చేసింది. తర్వాత హెస్టర్ ఆ పిల్లని బతిమాలితే, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని మరీ, చనిపోయిన పెద్ద దొరగారు వాయిస్తారని అనుకుంటారు అని ఒక్క ముక్క చెప్తుంది. గాలివాన రాత్రుల్లోనే ఎందుకు అంటే మాత్రం నోరు విప్పదు. ఆ తర్వాత హెస్టర్ పట్టపగలు ఆర్గన్ తెరిచి చూస్తే లోపలంతా విరిగిపోయి ఉంటుంది. పనిపిల్ల ఆ ముక్క చెప్పి ఉండకపోతే అదొక పాడైపోయిన వాయిద్యం, అంతే కదా.

వాళ్లు నోరు మెదపకపోవడం రచయితలు సౌకర్యం కోసం పెట్టుకున్నది కూడా కాదు. ఆ రోజుల్లో పాత యజమాని మంచివాళ్లని రాసిస్తే తప్ప ఇంకో మంచి ఇంట్లో పని దొరకడం కష్టం, కాబట్టి దొరల ఇంటి గుట్టు బయటపెట్టడమంటే కూడు పోగొట్టుకోవడమే.

అన్నీ చెప్పేసే నౌకరూ ఉన్నాడు. బుల్వర్ లిట్టన్ 1859 నాటి దెయ్యాల ఇంటి కథలో, ఎంత ధైర్యవంతుడో అని ముందు మనకి చెప్పిన మనిషే పరుగెత్తండి అని అరుస్తూ పారిపోయి, మెల్‌బోర్న్‌లో ఉన్న బావమరిది దగ్గరికి వెళ్లిపోతున్నానని ఉత్తరం రాస్తాడు. నాకు భయం వేయలేదు, నవ్వొచ్చింది.

హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో మిసెస్ గ్రోస్ సంగతి వేరు. చదువు రాని హౌస్‌కీపర్. అయ్యగారికి మనలాంటి వయసులో ఉన్న అందమైనవాళ్లంటే ఇష్టంలా ఉంది అని కొత్త గవర్నెస్ (ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే ఆవిడ) మామూలుగా అంటే, అవును, అతనికి అందరూ అలాగే ఉండాలనిపించేది అని, ఇప్పుడు లేని మనిషి గురించి అన్నట్టు మాట్లాడి, వెంటనే నాలుక కరుచుకుని, అయ్యగారి గురించే అంటున్నా అని సర్దుకుంటుంది. ఆ 'అతను' ఎవరో మనకి తెలియడానికి ఇంకా చాలా పేజీలు పడుతుంది. గవర్నెస్ తనకి కనిపించిన మగమనిషిని వర్ణిస్తే, అతను చనిపోయిన పీటర్ క్వింట్, అయ్యగారి పాత నౌకరు అని పేరు చెప్పేది కూడా ఈవిడే. అంటే కథలో దెయ్యం ఉందనడానికి మనకున్న పెద్ద సాక్ష్యం ఈ ఒక్క మనిషి. మరి చెరువు దగ్గర గవర్నెస్ అదిగో అని వేలు పెట్టి చూపిస్తే ఈవిడకి ఏమీ కనిపించదు! అయినా చిన్నపిల్ల ఫ్లోరా నోటి వెంట వచ్చిన మాటలు విన్నాక, చూడనిదాన్ని నమ్ముతున్నానని చెప్పి, ఆ పిల్లని తీసుకుని బంగళా వదిలి వెళ్లిపోతుంది.