గ్యాలరీ నిండాలంటే విద్యార్థులకు ఆటలో ఒక పని ఉండాలి

అమెరికా కళాశాలల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకు జనాన్ని రప్పించడానికి టీ షర్టులు, పిజ్జాలు ఉచితంగా పంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. వాటికోసం వచ్చినవారు అవి అందగానే వెళ్లిపోవచ్చు. ప్రేక్షకుడి చేతిలో ఏదో ఒకటి పెట్టడం కన్నా ఆటలో అతనికొక పని అప్పగించడమే సరైన ప్రచారమని నేను గట్టిగా నమ్ముతాను.

మన తెలుగు విద్యార్థులు ఎందరో చదువుకునే అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 2013లో మొదలైన తెరనే తీసుకోండి. ప్రత్యర్థి ఆటగాడు ఫ్రీ త్రో (ఎవరి అడ్డూ లేకుండా బాస్కెట్‌లోకి బంతి విసిరే అవకాశం) గీత దగ్గర నిలబడి, బంతిని నాలుగుసార్లు నేలకు కొట్టి, బాస్కెట్ వైపు చూపు నిలిపేసరికి, దాని వెనక విద్యార్థులు నిలబెట్టిన నల్లని తెర చటుక్కున తెరుచుకుంటుంది. లోపలినుంచి వింత వేషాలు గెంతుతూ బయటపడతాయి. 2016 జనవరిలో ఒరెగాన్ స్టేట్ జట్టుతో ఆడినప్పుడు ఆ తెర వెనకనుంచి ఈత దుస్తుల్లో, మెడనిండా ఒలింపిక్ పతకాలతో మైఖేల్ ఫెల్ప్స్ ప్రత్యక్షమయ్యాడు. ఆటగాడు రెండు ఫ్రీ త్రోలూ పోగొట్టుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌లో ఎవరు వస్తారో చూడాలన్న కుతూహలాన్ని ఏ పోస్టరు పుట్టించగలదు?

ఇండియానాలోని టేలర్ యూనివర్సిటీ చాలా చిన్నది. అక్కడ డిసెంబరులో సెమిస్టర్ పరీక్షల ముందు జరిగే ఒక మ్యాచ్‌కు విద్యార్థులు రకరకాల వేషాల్లో వచ్చి, తమ జట్టు పదో పాయింటు సాధించేదాకా నోరు మెదపరు. బంతి చప్పుడు, బూట్ల కీచుశబ్దం తప్ప మరేమీ వినిపించని ఆ హాలు పదో పాయింటుతో ఒక్కసారిగా దద్దరిల్లుతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక్కరు నోరు జారినా చెడిపోతుంది కాబట్టి ప్రతి ఒక్కరూ అవసరమే.

2023 అక్టోబరులో అయోవా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ తార కెయిట్లిన్ క్లార్క్ ఆటకోసం అక్కడి ఫుట్‌బాల్ స్టేడియానికి 55,646 మంది వచ్చారన్నది నిజమే, కానీ అటువంటి క్రీడాకారిణి అన్ని కళాశాలలకూ దొరకదు. అందుకే నిర్వాహకులు ఒక్కో మ్యాచ్‌ను ఒక్కో విద్యార్థి సంఘానికి అప్పగించి చూడాలి. మన తెలుగు సంఘాలవారు విరామంలో డప్పు వాయిస్తామని ముందుకు వెళ్తే, వాయించేవారి స్నేహితులంతా తప్పక ఆ హాలుకు వస్తారు.