ఏడు రంగుల కొండకి ఇంకో ఆరు వారాలు

ఏప్రిల్ మొదటి ఆదివారం

పెరూ టికెట్లు కొనేశాం. డాలస్ నుంచి లిమా, అక్కణ్నుంచి కుస్కో. సెప్టెంబరు రెండో వారం. మా ఆవిడకి మాచు పిచ్చు కావాలి, నాకు వినికుంకా కావాలి. రెయిన్‌బో మౌంటెన్ అని ఫోటోల్లో తిరుగుతున్న కొండ అదే. అక్కడివాళ్లు ఏడు రంగుల కొండ అంటారు. ఏడుకొండలవాడి మెట్లెక్కిన నాకు ఆ పేరే నచ్చింది.

అక్కడ మే నుంచి అక్టోబరు దాకా పొడికాలం. వానాకాలంలో వెళ్తే బురద, మంచు. మంచు పడితే రంగులన్నీ దాని కింద, పైకెక్కి తెల్ల కొండని చూసి రావాలి.

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఇక్కడ ఉండేవాళ్లకి ఒక మాట: అమెరికా వీసా స్టాంపింగ్‌కి కనీసం ఆరు నెలల గడువుంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదు. స్టాంపింగ్ గడువు తీరిపోయి చేతిలో అప్రూవల్ కాగితం మాత్రమే ఉన్నవాళ్లు ముందే కాన్సులేట్‌లో కనుక్కోండి. మా ఇద్దరికీ ఏడాది పైనే ఉంది.

ఏప్రిల్ మూడో వారం

మొదటి ప్లాన్ చెత్తబుట్టలో పడింది. ఒక ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ అది: మొదటి రోజు కుస్కోలో దిగడం, రెండో రోజు తెల్లవారుజామునే వినికుంకా. "అందరూ అలాగే వెళ్తారు సార్" అన్నాడు. నలభై డాలర్లు అడ్వాన్స్ కూడా కట్టేశాను. రాత్రి మా ఆవిడ కాగితం మీద ఎత్తులు రాసింది. డాలస్ 130 మీటర్లు. కుస్కో 3,400. వినికుంకా 5,036. "ఇవాళ ఇక్కడ పడుకుని ఎల్లుండి అక్కడ నడుస్తావా?" అంది. కాగితం మీద చూశాక నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్స్ పోయింది.

ఐదు వేల మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సగానికి కాస్త పైన. అంటే ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజనూ అంతే. కాళ్లెంత గట్టివైనా శరీరం దానికి అలవాటు పడటానికి రాత్రులు కావాలి. జిమ్‌లో అది దొరకదు. అందుకే ముందు కేలండర్ సరిచేశాను, బూట్ల సంగతి తర్వాత.

కొత్త ప్లాన్‌లో వినికుంకా ఆరో రోజుకి జరిగింది. కుస్కోలో దిగగానే ఊళ్లో ఉండకుండా కారులో కిందికి, ఒల్లంతాయ్‌తాంబోకి. అది 2,800 మీటర్లు. దారిలో చించేరో దగ్గర రోడ్డు 3,700 మీటర్ల పైకెక్కి మళ్లీ లోయలోకి దిగుతుంది, అక్కడ ఫోటోలకని ఆగి పరుగులు పెట్టకూడదని రాసుకున్నాను. రెండో రోజు ఆ ఊరి కోట, నిదానంగా. మూడో రోజు రైలెక్కి మాచు పిచ్చు కింద ఊరికి, అది ఇంకా కిందికే, 2,040. నాలుగో రోజు మాచు పిచ్చు చూసుకుని రాత్రికి కుస్కో. ఐదో రోజు కుస్కో పైనున్న సక్సాయ్‌వామన్ కోట దాకా నడక, 3,700. ఆరో రోజు కొండ, రాత్రికి మళ్లీ కుస్కోలోనే నిద్ర. ఏడో రోజు ఖాళీ. వాన పడినా, ఒంట్లో బాగోకపోయినా ఆ రోజుంది.

మే నెల

డాలస్‌లో కొండ అంటే ఫ్లైఓవరే. ఆఫీసు పార్కింగ్ గరాజీ ఐదంతస్తులు, మెట్లు 96. బ్యాగులో పది పౌండ్ల సోనా మసూరి సంచి పెట్టుకుని మొదటి వారం ఐదు రౌండ్లు, నెలాఖరుకి పది. సెక్యూరిటీ ఆయన మొదట అనుమానంగా చూశాడు, ఇప్పుడు రౌండ్లు లెక్కపెడుతున్నాడు. వారానికి రెండుసార్లు ట్రెడ్‌మిల్ మీద 15 శాతం వాలు, గంటకి రెండున్నర మైళ్లు, 45 నిమిషాలు.

వేగానికి నా కొలత అలిపిరి నుంచి తెచ్చుకున్నది. చిన్నప్పుడు నాన్నమ్మ మెట్టు మెట్టుకీ గోవిందా అంటూ ఎక్కేది, మేం పిల్లలం పరుగెత్తి గాలిగోపురం దగ్గర చతికిలబడేవాళ్లం. ఆవిడ ఆగకుండా మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయేది. మాట తెగకుండా గోవిందా అనగలిగితే అదే సరైన నడక. అనలేకపోతే తగ్గించాలి. వాచీలో హార్ట్‌రేట్ కంటే ఇదే నాకు బాగా కుదిరింది.

జూన్, రెండో శనివారం

గ్వాడలూప్ పీక్. టెక్సాస్‌లో అన్నిటికంటే ఎత్తు, 2,667 మీటర్లు. ఎనిమిది గంటలు కారు నడిపి ముందురోజు రాత్రికి చేరాం. రానూపోనూ 8.4 మైళ్లు, ఎక్కుడు 3,000 అడుగులు. తెల్లవారకముందే బయల్దేరాం.

మొదటి గంటలోనే తప్పు చేశాను. చల్లగా ఉందని జోరుగా ఎక్కేసి, ఆ తర్వాత ప్రతి మలుపు దగ్గరా నిలబడిపోయాను. గోవిందా సూత్రం రాసింది నేనే, మర్చిపోయిందీ నేనే. మా ఆవిడ ఒకే వేగంతో వచ్చి నాకంటే పది నిమిషాల ముందే శిఖరం మీది స్టీలు పిరమిడ్‌ దగ్గర కూర్చుంది.

అక్కడ బ్యాగులోంచి జంతికల ప్యాకెట్ తీస్తే దిండులా ఉబ్బి ఉంది. డాలస్‌లో నలిగి మెత్తగా ఉన్న ప్యాకెట్టే. వేలితో నొక్కితే టకటకమంది. బయట ఒత్తిడి తగ్గితే లోపల గాలి అలా సాగుతుంది. దానికి దాదాపు రెట్టింపు ఎత్తు సంగతి ఆలోచిస్తూ పులిహోర తిన్నాం. సన్‌స్క్రీన్ మూత తీయగానే మా ఆవిడ చున్నీ మీద చిమ్మింది, అది వేరే కథ. పెరూకి క్రీమ్ జిప్‌లాక్‌లోనే.

దిగేటప్పుడు మోకాళ్లు ఏడిపించాయి. మొత్తం ఏడు గంటలు. మర్నాడే చేతికర్రలు కొన్నాను.

జూలై

డాక్టర్‌ని కలిశాం. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి ఎసిటజోలమైడ్ అనే మందు రాసిచ్చారు, 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఎత్తుకి వెళ్లే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా ముందే చెప్పాలి. ఇంట్లోనే రెండ్రోజులు వేసి చూసుకోమన్నారు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, బాత్రూమ్‌కి తెగ తిరిగాను, కోక్ తాగితే గ్యాస్ పోయిన పాత సీసాలా చప్పగా ఉంది. అవన్నీ ఈ మందుతో మామూలేనట. అక్కడ మొదటిసారి వేసుకుని ఉంటే వేళ్ల తిమ్మిరికే టెన్షన్ పడేవాణ్ని.

కోవిడ్ నాటి ఆక్సిమీటర్‌కి కొత్త బ్యాటరీలు వేశాను. ఇక్కడ 98. అక్కడ తగ్గుతుంది, తగ్గడం సహజం. అంకె కంటే ఒంటినే చూడాలి. తలనొప్పితో పాటు వాంతులు, తూలిపోవడం, కూర్చున్నా ఆయాసం ఉంటే పైకి ఒక్క అడుగు కూడా వేయకూడదు, వెంటనే కిందికి దిగిపోవాలి. కోకా టీ (కొకైన్ తీసే మొక్క ఆకులతో కాచేది) తాగొచ్చు, పెరూలో మామూలే. ఆ ఆకులు గానీ టీ సంచులు గానీ అమెరికాకి తేకూడదు, నేరం.

ఆగస్టు మొదటి వారం

వినికుంకా ఎక్కే రోజు లెక్క ఇది. కుస్కోలో నాలుగింటికి బయల్దేరితే మూడు గంటల ప్రయాణం, దారిలో టిఫిన్. నడక 4,600 మీటర్ల దగ్గర మొదలు, ఒకవైపు సుమారు 4 కిలోమీటర్లు. ఎక్కేది నాలుగు వందల పైచిలుకు మీటర్లే, మా గ్వాడలూప్‌లో సగం కూడా కాదు. కానీ చివరి మెట్లు మోకాళ్ల పర్వతంలా నిటారు. మధ్యాహ్నం మబ్బులు రాకముందే పైకి చేరాలి. పక్కనున్న ఎర్ర లోయకి వెళ్లం, అత్యాశ. మా ఆవిడకి ఐదో రోజు తలనొప్పి తగ్గకపోతే వినికుంకా మానేసి పాల్కోయో అనే ఇంకో రంగుల కొండకి. అది 4,900 దగ్గరైనా నడక తక్కువ, దాదాపు చదును. తలనొప్పి నాకొస్తే కూడా అంతే అని ఆవిడ కాగితం మీద రాయించింది.

ఫోటోల్లో రంగులు బాగా పెంచేస్తారు, అక్కడ అంత మిలమిల ఉండదు. ఎరుపు ఇనుము ఉన్న బంకమన్ను, పసుపు గంధకపు ఖనిజాలున్న ఇసుకరాయి, తెలుపు క్వార్ట్జ్ ఇసుకరాయి. పొరలుగా పేరుకున్నదంతా ఆండీస్ లేచినప్పుడు వాలిపోయి, పాత జంపఖానా చారల్లా బయటపడింది. నాకు ఆ వెలిసిన జంపఖానా చాలు.

బ్యాగు తూచాను, 4.6 కేజీలు. రెండు లీటర్ల నీళ్లు, వానకోటు, ఉన్ని టోపీ, గ్లవ్స్, నువ్వుండలు, పెరూ డబ్బు సోల్‌లలో చిల్లర. పైకి గుర్రాలుంటాయి, చివరి ఎక్కుడు ముందు దింపేస్తారు, అక్కడ నగదే. రేపు గరాజీ మెట్లు పన్నెండు రౌండ్లు. గుర్రానికని ఒక కవర్‌లో విడిగా డబ్బులు పెట్టానని మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.