మావయ్యగారి చివరి ఫోటో

మొన్న మహాలయ అమావాస్య నాడు విశాఖ ఆర్కే బీచ్‌లో మా ఆయన తర్పణాలు వదులుతుంటే నేను కాస్త దూరంగా ఇసుకలో నిలబడ్డాను. పక్కనే ఇంకో కుటుంబం. తండ్రి చేతిలో నువ్వుల నీళ్లు ఉన్నాయి. కొడుకు ఫోన్ పట్టుకుని, "నాన్నా, ఒక్క నిమిషం అలాగే ఉండు, తాతయ్య ఫోటో కూడా పడాలి" అన్నాడు. ఆయన ఆగారు. పురోహితుడూ ఆగాడు. మంత్రం సగంలో ఉండగానే నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. ఎదురుగా పెట్టుకున్న ఆ ఫోటో నా కంట పడింది. ఆస్పత్రి మంచం, ముక్కులో గొట్టం, సగం మూతపడిన కళ్లు. పోయేముందు తీసిన చివరి ఫోటో అట. పరాయివాళ్లు కదా అని అక్కడ నోరు మూసుకున్నాను గానీ, ఆ కోపం ఇంకా చల్లారలేదు.

తర్పణంలో ముఖంతో పనేముంది? గోత్రం చెప్తాం, పేరు చెప్తాం. తండ్రిని వసురూపమని, తాతను రుద్రరూపమని, ముత్తాతను ఆదిత్యరూపమని తలుస్తాం. ముత్తాత ఎలా ఉండేవారో మనలో ఎందరికి తెలుసు? అయినా ఆ నీళ్లు ఆయనకు అందుతాయనే కదా వదులుతున్నాం.

చివరి క్షణం అనగానే అందరూ గీత ఎనిమిదో అధ్యాయం ఎత్తుతారు.

యం యం వాపి స్మరన్ భావం త్యజత్యంతే కలేబరమ్ ।
తం తమేవైతి కౌంతేయ సదా తద్భావభావితః ॥

చాలామంది "అంతే" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. అంత్యకాలంలో ఏది తలిస్తే అదే అవుతాం, కాబట్టి ఆ గడియకు చెవిలో నారాయణ మంత్రం చెప్తే చాలు అనుకుంటారు. మరి నాలుగో పాదంలో స్వామి "సదా" అని ఎందుకన్నాడు? నాకు ఈ శ్లోకమంతా ఆ పాదంలోనే ఉందనిపిస్తుంది. భావితః అనే మాట చూడండి. ఆయుర్వేదంలో భావన అని ఒక పని ఉంది. పొడిని రసంలో తడిపి నూరతారు, ఆరబెడతారు, మళ్లీ తడిపి నూరతారు. ఆమలకీ రసాయనానికైతే ఉసిరికాయ పొడిని ఉసిరి రసంతోనే 21 సార్లు భావన చేస్తారు. ఆఖరిసారి పోసిన రసం వల్ల ఒక్కదానివల్లే అది మందు కాదు. అంతకుముందు ఇరవై సార్లు పీల్చుకున్నదంతా అందులో ఉంటుంది. మనిషీ అంతే. బతికినన్నాళ్లూ దేనిలో నానాడో అదే చివర్లో పైకి తేలుతుంది. అప్పటికప్పుడు తెచ్చిపెట్టుకుంటే వచ్చేది కాదు.

ఇది నాకు అర్థమైంది ప్రవచనాలు విని కాదు, మా మావయ్యగారి వల్ల. ఆయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఏటా ఆషాఢ చతుర్దశికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ జనం మాధవధార వైపు వచ్చే వేళకు రోడ్డు పక్కన మజ్జిగ డ్రమ్ములతో సిద్ధంగా ఉండేవారు. కొండ కింద తొలిపావంచా (తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు. మా దగ్గరికి వచ్చేసరికి అందరి కాళ్లూ పుళ్లు పడి ఉంటాయి. ఆయన అల్లం, పచ్చిమిర్చి స్వయంగా దంచి వేసేవారు. "తాగు నాయనా, తాగమ్మా" అనడం తప్ప రాత్రంతా ఇంకో మాట ఉండేది కాదు. ప్రదక్షిణ మీరెందుకు చేయరు మావయ్యా అని ఒకసారి అడిగితే, "నడిచేవాళ్ల చుట్టూ తిరుగుతున్నాను కదమ్మా" అన్నారు.

2022లో అలా పోస్తుండగా మా చిన్నాడు ఒక ఫోటో తీశాడు. అందులో ముఖం కనపడదు. వంగిన బట్టతల, తడిసిన కండువా, చేతిలో గరిటె, గ్లాసులోకి పడుతున్న మజ్జిగ, ఎదురుగా గాజులున్న చెయ్యి ఒకటి. అంతే. శ్రావణమాసంలో ఆయన పోయారు. అదే చివరి ఫోటో అయింది.

గోడకు పెట్టడానికి అది పనికిరాదన్నారు బంధువులు. స్టూడియోవాడు ఏదో పాత గ్రూప్ ఫోటోలోంచి తల కత్తిరించి, వెనక నీలంరంగు వేసి, ఆయన జన్మలో తొడగని కోటు తొడిగి ఇచ్చాడు. హాల్లో దండ వేసి ఉన్నది అదే. దాన్ని చూస్తే నాకు మావయ్యగారు గుర్తుకురారు. పోయినవారి పటం దేవుడి గదిలో పెట్టకూడదంటారు కాబట్టి, ఆ మజ్జిగ ఫోటోను వంటింట్లో కవ్వం తగిలించే మేకు పక్కన పెట్టుకున్నాను.

ఆ బీచ్‌కి పేరు తెచ్చిన రామకృష్ణ ఆశ్రమం అక్కడే ఉంది కదా. పరమహంస చివరి ఫోటో 1886 ఆగస్టు 16న కలకత్తా కాశీపూర్‌లో, దేహం విడిచాక, శిష్యులంతా చుట్టూ నిలబడి ఉండగా తీశారు. ఎవరింట్లోనైనా పూజలో చూశారా దాన్ని? ఇంటింటా ఉన్నది ఆయన ఒళ్లు తెలియని సమాధిలో కూర్చున్నప్పటి పటం. ఆయన సదా ఉన్న భావం అందులో ఉంది, అందుకే చేతులు దానికే జోడిస్తాం.

దయచేసి ఐసీయూ ఫోటోలు స్టేటస్‌లో పెట్టకండి. గొట్టాలతో ఉన్న తల్లిని, తండ్రిని ఊరందరికీ చూపించే హక్కు మనకు లేదు, వాళ్లు వద్దనలేని స్థితిలో తీసినవి అవి. ఫోన్‌లో ఉంటే ఈ రోజే తీసేయండి. తర్వాత వెతకండి. పూలు కోస్తూనో, పేపరు చదువుతూనో, మనవడికి గోరుముద్ద పెడుతూనో మీవాళ్లు ఎక్కడో ఉంటారు. మసకగా ఉన్నా, ముఖం పక్కకు తిరిగి ఉన్నా ఫరవాలేదు, దాన్నే ఉంచుకోండి. ఇక వచ్చే అమావాస్యకు నువ్వులు, దర్భలు, చెంబు తీసుకుని సముద్రానికి వెళ్లండి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి.