ఆషాఢంలో చిత్రదుర్గ

ఆషాఢంలో ఊళ్లు తిరగడమేంట్రా అని అమ్మ ఫోన్‌లో గొణిగింది. గాలిమరలు చూడాలంటే మాత్రం ఆషాఢమే అసలు సీజన్. మారతహళ్లిలో చీకటితోనే బయల్దేరి, క్యాత్సంద్రలో తట్టె ఇడ్లీ తిని, శిరా, హిరియూరు దాటాం. బెంగళూరు నుంచి చిత్రదుర్గ రెండొందల కిలోమీటర్లు. ఊరు దగ్గరపడుతుంటే గుట్టల మీద తెల్లటి రెక్కలు కనిపించాయి. మా బావమరిది స్టీరింగ్ పట్టుకుని అటే చూస్తుంటే, 'ఒరేయ్, రోడ్డు చూడరా' అని మా ఆవిడ అరవాల్సొచ్చింది.

వాడి స్నేహితుడి మాటసాయంతో ఒక మోస్తరు విండ్ ఫామ్‌లోకి వెళ్లనిచ్చారు. అక్కడి సూపర్‌వైజరు పావగడవాడు, ఇంట్లో తెలుగే. వాళ్ల ఊరి పక్కనే 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. 'మా నాయన పొలం ఎండకి లీజుకిచ్చినాడు, నేను గాలికి కాపలా ఉండాను సామీ' అని నవ్వాడు.

కింద నిలబడితే రెక్కలు బద్ధకంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. నిమిషానికి పదిహేను చుట్లే. కానీ 45 మీటర్ల రెక్క కొస ఆ లెక్కన గంటకు 250 కిలోమీటర్ల వేగం దాటుతుంది. ఆ హోరు విన్నాక నమ్మాను.

టవర్ తలుపు తీసి లోపలి స్క్రీన్ చూపించాడు. గాలి సెకనుకు 7 మీటర్లు ఉన్నప్పుడు 600 కిలోవాట్ల దగ్గర ఆడుతున్న అంకె, గాలి 9కి చేరగానే 1,200 దాటేసింది. గాలి వేగం రెట్టింపైతే దాని శక్తి ఎనిమిది రెట్లవుతుందని బళ్లో చదివిందే, కళ్ల ముందు చూస్తుంటే మజాగా ఉంది. 3 మీటర్ల లోపు గాలికి మర కదలదు, 25 దాటితే దానంతటదే ఆగిపోతుంది.

రెండు మెగావాట్ల మర ఏడాది మొత్తం మీద సగటున పావువంతు సామర్థ్యంతో నడిచినా 43 లక్షల యూనిట్ల పైమాటే. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇళ్లయితే 2,400 ఇళ్లకు సరిపోతుంది. బొగ్గు అక్కర్లేదు, మరల మధ్య నేలలో వేరుశెనగ వేసుకోవచ్చు. బెంగళూరు ఐటీ క్యాంపస్‌లు కొన్ని ఓపెన్ యాక్సెస్‌లో, అంటే కరెంటు తయారుచేసేవాళ్ల దగ్గరే నేరుగా, గాలి కరెంటు కొంటాయి కాబట్టి, మా ఆఫీసు ఏసీకీ ఇక్కడి గాలికీ చుట్టరికం ఉన్నా ఉండొచ్చు!

నాకు అన్నిటికన్నా నచ్చింది వేళల సంగతి. వానాకాలం మబ్బులకి సోలార్ నీరసపడే నెలల్లోనే నైరుతి గాలి విజృంభిస్తుంది. పొద్దు వాలాక కూడా వీస్తుంది, సరిగ్గా ఇళ్లల్లో లైట్లు వేసే వేళకి. పావగడ, చిత్రదుర్గ ఒకదానికొకటి పోటీ అనుకుని వెళ్లాను గానీ, ఇవి వంతులేసుకుని పనిచేసే జోడీ.

అలాగని గాలి ఒక్కటే చాలదు. ఇది తగ్గిన నెలల్లో శరావతి జలవిద్యుత్తూ రాయచూరు బొగ్గు కరెంటూ ఆదుకోవాల్సిందే. ఆ మాటే అడిగితే సూపర్‌వైజరు దాచలేదు. 'చలికాలం రాండి సామీ, సగం మరలు నిద్రపోతాంటాయి. పెద్ద రిపేర్లన్నీ అప్పుడే పెట్టుకుంటాం. కావాలంటే పైకెక్కిస్తా' అన్నాడు. మా బావమరిది వెంటనే సరేనన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు.