ఫోన్ నంబర్ల కాగితం చేతిలో పెడితే సరిపోదు

అమెరికాలో పిల్లల సంరక్షణ అధికారులు ఆదివాసీ పిల్లల్ని ఇంటినుంచి తీసుకెళ్లే కేసులకు 1978 నాటి ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ వర్తిస్తుంది. అంతకుముందు సర్వేల్లో 25 నుంచి 35 శాతం మంది ఆదివాసీ పిల్లలు ఇంటికి దూరమైనట్టు తేలింది. ఇరుకింటిని, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరగడాన్ని కూడా ‘నిర్లక్ష్యం’ అని రాసేసేవారు. మన ఊళ్లలో అయితే ఎన్ని ఇళ్లు ఆ లెక్కలోకి వచ్చేవో!

ఈ చట్టంలో అసలు పట్టంతా ‘క్రియాశీల ప్రయత్నాలు’ అన్నచోటే ఉంది, అంటే కుటుంబం విడిపోకుండా అధికారులు దగ్గరుండి సాయం చేయడం. తల్లికి తాగుడు మాన్పించే కేంద్రం నంబరు రాసిచ్చి ఫైలు మూసేస్తే చెల్లదు. అపాయింట్‌మెంటు తీసుకోవాలి, వెళ్లడానికి బండి చూడాలి, అక్కడ ఖాళీ లేకపోతే ఇంకోచోట వెతకాలి. ఏ తేదీన ఏం చేశారో ఫైల్లో ఉండాలి.

ఎక్కువగా తప్పు జరిగేది మొదట్లోనే. ముఖం చూసి ‘ఆదివాసీలా లేడే’ అనుకుని, ఏదైనా తెగవాడా అని అడగరు. సభ్యత్వం తేల్చేది తెగ, సోషల్ వర్కర్ కాదు. తెగకు రిజిస్టర్డ్ పోస్టులో, అందినట్టు రసీదుతో నోటీసు వెళ్లాలి. అది అందాక 10 రోజులు దాటేవరకు ఫోస్టర్ కేర్ (పిల్లాడిని తాత్కాలికంగా వేరేచోట ఉంచడం) విచారణ జరపకూడదు. అడిగితే మరో 20 రోజులు ఇవ్వాలి. ప్రాణాపాయం లాంటిది ఉంటే మాత్రం వెంటనే తీసుకెళ్లొచ్చు.

దత్తతకైతే ముందు బంధువులు, తర్వాత అదే తెగవాళ్లు, ఆ తర్వాత వేరే ఆదివాసీ కుటుంబాలు. 2023లో సుప్రీంకోర్టు 7–2 తో ఈ చట్టాన్ని నిలబెట్టింది.