వెళ్ళకూడదు, వెళ్ళక్కర్లేదు

సావనీరుకి వ్యాసం అడిగారు. హెడ్మాస్టరుగారి బెత్తం గురించీ, గ్రౌండులో చింతచెట్టు గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను ఒక ఇంగ్లీషు మాట గురించి రాస్తాను: నీడ్. బళ్ళో చదివిన గ్రామరులో చాలా భాగం ఎగిరిపోయింది గానీ, మన ఇంగ్లీషు మాస్టారు తొమ్మిదో తరగతిలో చెప్పిన ఈ పాఠం మాత్రం పోలేదు.

ఆయన ఇంగ్లీషు పాఠాన్ని తెలుగుతో మొదలుపెట్టేవారు. బోర్డు మీద 'వెళ్ళాలి' అని రాసి, "దీనికి వ్యతిరేకం చెప్పండ్రా" అన్నారు. కొందరు 'వెళ్ళకూడదు' అన్నారు, కొందరు 'వెళ్ళక్కర్లేదు' అన్నారు. రెండూ రైటేనట. మొదటిది మస్ట్ నాట్, రెండోది నీడ్ నాట్. తెలుగులో ఈ రెండింటి దగ్గర పసిపిల్లాడు కూడా తికమకపడడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికే 'మస్ట్' పక్కన 'నాట్' పెట్టేసి పని అయిపోయిందనుకుంటాం. 'మస్ట్ ఐ గో?' అని అడిగినవాణ్ణి వెళ్ళక్కర్లేదనాలంటే 'నో, యూ నీడ్ నాట్' అనాలి. 'యూ మస్ట్ నాట్' అంటే గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానన్నట్టు.

అసలు తమాషా తర్వాత చేశారు. "ఇప్పుడు 'వెళ్ళక్కరుంది' అనండి" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. అలా ఎవరంటారు? వెళ్ళాలి అనడానికి ఆ 'అక్కర' పనికిరాదు, లేదనడానికే కావాలి. ఇంగ్లీషు నీడ్‌కీ అదే జబ్బు. 'హి నీడ్ నాట్ గో' అనొచ్చు, 'నీడ్ హి గో?' అని అడగొచ్చు, ఊరికే 'హి నీడ్ గో' అనడానికి లేదు. వెళ్ళాలనే చెప్పాలంటే దాన్ని మామూలు క్రియ చేసి 'హి నీడ్స్ టు గో' అనాలి. "అన్నగారి డబుల్ యాక్షన్‌రా ఇది" అనేవారు మాస్టారు. ఒక వేషానికి ఎస్సూ, టూ, డూ అన్నీ తగిలించాలి, రెండో వేషానికి అవేమీ ఉండవు. రెండింటినీ కలిపేసి 'హి నీడ్స్ నాట్ గో' అని రాస్తే మార్కు గల్లంతే.

ఇంకోరోజు ఎండ మండిపోతుంటే గొడుగు పట్టుకొచ్చి, కిటికీ ఊచకి తగిలించారు. వానొస్తుందని ఇంట్లో బలవంతం చేశారట, చుక్క పడలేదు. దాన్నే పాఠం చేశారు. 'ఐ నీడ్ నాట్ హావ్ బ్రాట్ ది అంబ్రెల్లా' అంటే తెచ్చాను, దండగయింది అని. 'ఐ డిడ్ నాట్ నీడ్ టు బ్రింగ్ ది అంబ్రెల్లా' అంటే తేవాల్సిన పని లేకపోయింది అని మాత్రమే. తెచ్చాడో లేదో ఆ వాక్యం తేల్చదు, తేలేదనే మామూలుగా అనుకుంటాం. గొడుగు అక్కడే వేలాడుతోంది కాబట్టి మాకు ఎక్కింది. పుస్తకంలో చదువుకోమంటే నాకైతే ఈ జన్మకి అర్థమయ్యేది కాదు.

చొక్కా ఉతకాలి అనడానికి 'ది షర్ట్ నీడ్స్ వాషింగ్' చాలన్నారు. 'ఎ ఫ్రెండ్ ఇన్ నీడ్' వచ్చినప్పుడు మాత్రం అర్థం చెప్పలేదు, "అక్కరకు రాని చుట్టము" అని అందుకున్నారు. మిగతా పద్యం క్లాసంతా అప్పజెప్పేసింది.

తర్వాత నేను బ్యాంకులో చేరాను. అప్పట్లో ఒకే రోజు 50,000 రూపాయలు మించి నగదు జమ చేస్తే పాన్ నంబరు రాయాలని రూలు ఉండేది. దానికి లోపైతే రాయక్కర్లేకపోయేది. మా కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడు, తక్కువ మొత్తానికి పాన్ రాసిన స్లిప్పు చూసి "ఇది రాయకూడదండీ" అని పెద్దాయనకి తిప్పి ఇచ్చేశాడు. పక్క సీట్లోంచి లేచి వెళ్ళి, మాస్టారి 'వెళ్ళాలి' పాఠం అక్కడే చెప్పాను. పెద్దాయన కూడా ఆసక్తిగా విన్నాడు, వెనక లైను మాత్రం విసుక్కుంది.

అమెరికాలో ఈ 'నీడ్ నాట్' అరుదు, 'డోంట్ నీడ్ టు' అనడమే ఎక్కువ. మన ఆఫీసుల్లో అది ఇంకా దర్జాగా బతుకుతోంది. ఈ సంచిక ఖర్చుల కోసం వాట్సాప్ గ్రూపులో 'రిటైరైనవాళ్ళు నీడ్ నాట్ పే' అని మెసేజ్ పెట్టారు. మా బ్యాచ్‌లో అందరం రిటైరైనవాళ్ళమే. ఇవ్వకూడదనలేదుగా అని పంపేశాం.